‘సర్వర్ బిజీ’ ఎందుకు వస్తుంది? ఉచిత డేటాబేస్ అయితే రద్దీకి ఆగదా?

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం టికెట్లు కావచ్చు, చర్లలో రేషన్ బియ్యానికి వేలిముద్ర కావచ్చు, నేలకొండపల్లిలో భూమి రిజిస్ట్రేషన్ స్లాట్ కావచ్చు. జనం ఎగబడిన రోజున ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: ‘సర్వర్ బిజీ’. నగరంలో ఉన్నవాళ్లు ఫోన్ పక్కన పెట్టి సాయంత్రం మళ్లీ ప్రయత్నిస్తారు. అడవి అంచున ఉన్న గూడెం నుంచి మండల కేంద్రానికి వచ్చిన మనిషికి మాత్రం ఆ మాటతో ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు పోయినట్టే.

ఆ మాట వినగానే రెండు వాదనలు మొదలవుతాయి. ‘ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్ వాడితే ఇంతే’ అనేది ఒకటి. ‘కోట్లు పోసి కొన్నారుగా, అయినా ఎందుకు పడిపోతోంది?’ అనేది రెండోది. ప్రభుత్వ సేవల వెనుక ఉండే డేటాబేస్ ఓపెన్ సోర్స్‌దైతే ఒకలా, కంపెనీ నుంచి కొన్నదైతే మరోలా పనిచేస్తుందా? భారీ రద్దీలో ఏది నిలబడుతుంది? వివరంగా చూద్దాం.

డేటాబేస్ అంటే ఏమిటి?

తహసీల్దార్ కార్యాలయంలో రికార్డు గదిని ఊహించుకోండి. పహాణీలు, పాస్‌బుక్ వివరాలు, మ్యుటేషన్ దస్త్రాలు అన్నీ అక్కడే ఉంటాయి. అడిగిన కాగితం వెతికి ఇచ్చే గుమస్తా ఒకరుంటారు. ఒకే దస్త్రంలో ఇద్దరు ఒకేసారి రాయకుండా చూసే బాధ్యత కూడా ఆయనదే. కంప్యూటర్‌లో ఆ గది, ఆ గుమస్తా రెండూ కలిస్తే డేటాబేస్. మీ ఫోన్‌లో కనిపించే వెబ్‌సైట్ లేదా యాప్ ముందున్న కిటికీ మాత్రమే.

వీటిలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. ఒరాకిల్ డేటాబేస్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, ఐబీఎం డీబీ2 వంటివి వాణిజ్య ఉత్పత్తులు. లైసెన్స్ కొనాలి, లోపలి కోడ్ బయటివారికి కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ వంటివి ఓపెన్ సోర్స్. కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, లైసెన్స్ రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఈ గీత కంపెనీల మధ్య గీసింది కాదు. 2010లో సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొన్నప్పటి నుంచి ఓపెన్ సోర్స్ మైఎస్‌క్యూఎల్ యజమాని కూడా ఒరాకిల్ సంస్థే.

ప్రభుత్వ ఈ-సేవల్లో ఓపెన్ సోర్స్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో ఒక విధానం ప్రకటించింది. కాబట్టి ఈ ప్రశ్న ఇంజినీర్లకే పరిమితమైంది కాదు. మన పన్నుల డబ్బుకు, మన పనులకు సంబంధించింది.

రద్దీ అంతా ఒకటి కాదు

ఏది బాగా తట్టుకుంటుందో చెప్పాలంటే ముందు అది ఏ రకం రద్దీయో తెలియాలి. భద్రాచలం చుట్టుపక్కలే మూడు రకాలూ కనిపిస్తాయి.

మొదటిది, చదివే రద్దీ. వానాకాలంలో గోదావరి పెరుగుతుంటే వేలమంది ఒకేసారి నీటిమట్టం ఎంతో చూస్తారు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ అంకె కోసం ఎంతమంది ఫోన్లు చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. అయితే అందరికీ కావాల్సింది ఒకే అంకె. దాన్ని ప్రతిసారీ రికార్డు గదిలోకి వెళ్లి తేనక్కర్లేదు. బయట బోర్డు మీద రాసి పెడితే చాలు. దీన్ని క్యాష్ అంటారు. ఈ పని సరిగ్గా చేస్తే డేటాబేస్ ఏదైనా ఇబ్బంది ఉండదు. చేయకపోతే ఎంత ఖరీదైన డేటాబేస్ అయినా చెప్పిన అంకెనే లక్షసార్లు చెబుతూ అలసిపోతుంది.

రెండోది, రాసే రద్దీ. మిథిలా స్టేడియంలో జరిగే సీతారాముల కల్యాణానికి సెక్టార్ల వారీగా టికెట్లు అమ్ముతారు. సీట్లు కొన్నే, అడిగేవారు వేలల్లో. ప్రతి ఒక్కరూ ‘మిగిలిన టికెట్లు’ అనే ఒకే అంకెను తగ్గించాలని చూస్తారు. ఒకే సీటు ఇద్దరికి పోకుండా ఉండాలంటే ఒకరు రాస్తున్నంతసేపు మిగతావాళ్లు ఆగాలి. దీన్నే లాక్ అంటారు. అసలు చిక్కు ఇక్కడే.

చిన్న లెక్క వేద్దాం. ఒక్కో బుకింగ్‌కు తాళం 20 మిల్లీసెకన్లు పడి ఉంటుందనుకోండి. సెకనుకు 50 బుకింగ్‌లు అవుతాయి. 10,000 మంది పని మూడున్నర నిమిషాల్లోపే తేలిపోతుంది. అదే తాళం వేసి ఉంచి, పేమెంట్ గేట్‌వే జవాబు కోసం అర సెకను ఆగేలా ప్రోగ్రాం రాశారనుకోండి. సెకనుకు రెండే బుకింగ్‌లు. అదే 10,000 మందికి గంటా 20 నిమిషాలు దాటుతుంది. రెండు సందర్భాల్లోనూ డేటాబేస్ అదే, యంత్రం అదే. మారింది తాళం పట్టుకున్న సమయం మాత్రమే.

దీనికి మందు కూడా తెలిసిందే. ఒకే అంకె బదులు ప్రతి సీటుకూ ఒక వరుస పెట్టాలి. ఎవరో పట్టుకున్న సీటును వదిలేసి తర్వాతి ఖాళీ సీటు ఇవ్వమని డేటాబేస్‌కు చెప్పాలి. సీటును కొన్ని నిమిషాలకు ఆ పేరు మీద రాసిపెట్టి, తాళం తీసేసి, పేమెంట్ సంగతి తర్వాత చూసుకోవాలి. తాళం ఉన్న వరుసను దాటేసే ఈ సౌకర్యం ఒరాకిల్‌లో ఉంది. 2016 జనవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి, 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి వాటిలోనూ ఉంది. వాడుకోవడమే తరువాయి.

మూడోది, నెమ్మది రద్దీ. అటవీ మండలాల అసలు సమస్య ఇదే.

అడవి అంచున ఏం జరుగుతుంది?

నగరంలో మీ ఫోన్ సర్వర్‌కు ఒక అభ్యర్థన పంపి, క్షణంలో జవాబు తీసుకుని తప్పుకుంటుంది. సిగ్నల్ ఒక గీత వచ్చి పోయే చోట అదే పని పది, ఇరవై సెకన్లు సాగుతుంది. ప్రోగ్రాం జాగ్రత్తగా రాయకపోతే అంతసేపూ సర్వర్ దగ్గర ఒక కనెక్షన్ తెరిచే ఉంటుంది. కౌంటర్ ముందు ఒక మనిషి కాగితాలు వెతుక్కుంటూ నిలబడితే వెనుక క్యూ ఆగిపోయినట్టే ఇదీ.

ఇక్కడ డేటాబేస్‌ల మధ్య నిజమైన తేడా ఒకటి కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను నడుపుతుంది. సెట్టింగ్ మార్చకపోతే గరిష్ఠంగా 100 కనెక్షన్లే తీసుకుంటుంది. వేలల్లోకి పెంచితే మెమరీ, ప్రాసెసర్ శక్తి ఆ కనెక్షన్లను మోయడానికే ఖర్చవుతుంది. అందుకే పెద్ద వ్యవస్థల్లో దాని ముందు పీజీబౌన్సర్ వంటి ‘పూలర్’ పెడతారు. వేలమందిని బయట కూర్చోబెట్టి, కొద్దిమందినే వంతులవారీగా లోపలికి పంపే టోకెన్ పద్ధతి అది. ఇదీ ఉచితమే. మైఎస్‌క్యూఎల్‌లో ఇలాంటి ‘థ్రెడ్ పూల్’ కావాలంటే డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ రకం తీసుకోవాలి. దాని నుంచే పుట్టిన మరియాడీబీలో మాత్రం ఉచితంగా వస్తుంది. ఒరాకిల్ లోపలే ఇలాంటి ఏర్పాట్లు ఉంటాయి, కానీ వాటినీ ఎవరో ఒకరు సరిగ్గా అమర్చాల్సిందే.

రద్దీని పెంచేది మరొకటుంది. జవాబు రాకపోతే మనం మళ్లీ నొక్కుతాం. మూడుసార్లు నొక్కితే సర్వర్ దృష్టిలో ముగ్గురు మనుషులు. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఈ గుణింతం ఇంకా ఎక్కువ. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్ హాజరు తప్పనిసరైంది. కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు ఎక్కించాలి. 2025 జూన్‌లో మూడు నెలల రేషన్ బియ్యం ఒకేసారి ఇచ్చారు. ఇలాంటి నిర్ణయాలు తీసుకున్నప్పుడల్లా దేశమంతా, లేదా రాష్ట్రమంతా ఒకే వేళకు ఒకే తలుపు తడుతుంది. మారుమూల గూడెం నుంచి వెళ్లే అభ్యర్థన ఆ క్యూలో చివరికి చేరుతుంది.

మరి ఏది వేగం?

సూటిగా ఒక అంకె చెప్పడం కష్టం. దానికో చరిత్ర ఉంది. 1983లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్, సహచరులు అప్పటి డేటాబేస్‌లను పోల్చి ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఒరాకిల్‌కు మంచి మార్కులు రాలేదు. ఆ తర్వాత, తమ అనుమతి లేకుండా పనితీరు పరీక్షల ఫలితాలు బయటపెట్టకూడదనే షరతు వాణిజ్య డేటాబేస్‌ల లైసెన్సుల్లోకి వచ్చింది. ఇప్పటికీ దాన్ని ‘డివిట్ క్లాజ్’ అనే పిలుస్తారు. అంటే ఒక ప్రభుత్వ శాఖ స్వయంగా పరీక్షించి చూసినా, ఫలితాన్ని జనం ముందు పెట్టడానికి లైసెన్స్ అడ్డొచ్చే అవకాశం ఉంది. ఓపెన్ సోర్స్‌కు ఆ అడ్డు లేదు.

అందరూ అంగీకరించే పరీక్షలు నిర్వహించేది 1988లో ఏర్పడిన టీపీసీ అనే మండలి. దాని టీపీసీ-సీ పరీక్ష, ఒక నిమిషంలో ఎన్ని కొత్త ఆర్డర్లు నమోదవుతాయో కొలుస్తుంది. 2010 డిసెంబరులో ఒరాకిల్ నిమిషానికి 3 కోట్లకు పైగా సాధించింది. ఆ రికార్డు తొమ్మిదేళ్లు నిలిచింది. 2019లో చైనాకు చెందిన ఓషన్‌బేస్ 6 కోట్లు, 2020లో 70 కోట్లు దాటింది. ఆ ఓషన్‌బేస్ కోడ్‌ను 2021లో ఓపెన్ సోర్స్ చేశారు.

ఈ అంకెలు చూసి ఫలానాదే గొప్ప అనుకోవద్దు. వందల, వేల యంత్రాలు పెట్టి, కంపెనీ నిపుణులు చక్కదిద్దిన పరీక్షలవి. మండల కార్యాలయం పనికి వాటితో పోలిక లేదు. వాటి నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే: భారీ రద్దీని తట్టుకునే శక్తి డబ్బిచ్చి కొన్నవాటి సొత్తు కాదు.

డబ్బు లెక్క

ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ప్రకటిత ధర ఒక్కో ప్రాసెసర్ లైసెన్స్‌కు 47,500 డాలర్లు. ఇంటెల్ చిప్ ఉన్న 32 కోర్ల సర్వర్‌కు 16 లైసెన్సులు కావాలి. అంటే 7,60,000 డాలర్లు. సపోర్ట్‌కు ఏటా మరో 22 శాతం, అంటే 1,67,200 డాలర్లు. పెద్ద కొనుగోళ్లకు తగ్గింపులు ఉంటాయి. అయినా ఒకే డేటాబేస్‌ను పలు యంత్రాలపై నడిపే ర్యాక్ వంటి సౌకర్యాలకు విడిగా చెల్లించాలి. రద్దీ పెరిగి కోర్లు పెంచితే లైసెన్సులూ పెరుగుతాయి.

దీని ప్రభావం రద్దీ రోజున కనిపిస్తుంది. లైసెన్స్ కోర్లను బట్టి ఉన్నప్పుడు, అదనపు యంత్రాలు పెట్టడానికి అధికారులు వెనకాడతారు. పరీక్షల కోసం అసలుతో సమానమైన మరో వ్యవస్థ పెట్టడానికీ వెనకాడతారు. ఓపెన్ సోర్స్‌లో ఆ భయం లేదు.

అలాగని ఓపెన్ సోర్స్ ‘ఉచితం’ అనుకోవడం పొరపాటు. రాత్రి రెండింటికి డేటాబేస్ ఆగితే ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో మార్చిన వరుసల పాత ప్రతులు లోపలే పేరుకుంటాయి. వాటిని ‘వాక్యూమ్’ ఊడ్చాలి. రద్దీలో అది వెనకబడితే డేటాబేస్ క్రమంగా నెమ్మదిస్తుంది. ఇది తెలిసిన నిపుణుడికి జీతం ఇవ్వాలి, లేదా సపోర్ట్ ఒప్పందం కొనాలి. లైసెన్స్ మిగిల్చిన డబ్బును మనుషుల మీద పెట్టని చోట ఓపెన్ సోర్స్ కూడా కూలుతుంది.

వాణిజ్య డేటాబేస్‌ల బలం కూడా నిజమే. ఒకే డేటాబేస్‌లో పలు యంత్రాల నుంచి ఒకేసారి రాసే ఏర్పాటు ఒరాకిల్‌లో ఎన్నో ఏళ్లుగా నలిగి గట్టిపడింది. పోస్ట్‌గ్రెస్‌లో సాధారణంగా రాయడానికి ఒకే ప్రధాన యంత్రం ఉంటుంది, మిగతావి చదవడానికే. సమస్య ఎక్కడుందో చూపించే పరికరాలు, ఒప్పందం ప్రకారం బాధ్యత వహించే కంపెనీ ఉండటం కూడా పెద్ద శాఖలకు ధైర్యం.

అనుభవాలు ఏం చెబుతున్నాయి?

ఆధార్: తొలి నుంచీ ఓపెన్ సోర్స్ మీద ఆధారపడిన వ్యవస్థ ఇది. మైఎస్‌క్యూఎల్, హెచ్‌బేస్ వంటివి వాడారు. 2024-25లో ఆధార్ ధ్రువీకరణలు 2,707 కోట్లు. సగటున సెకనుకు 850కి పైగా. ఉదయం వేళల్లో ఇంకా చాలా ఎక్కువే ఉంటుంది. సమాచారాన్ని ముక్కలుగా విడదీసి అనేక యంత్రాలపై పంచడం వల్లే ఇది సాధ్యమైంది.

హెల్త్‌కేర్.గవ్: అమెరికాలో ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న మొదలైన వెబ్‌సైట్. లోపల ఉన్నది మార్క్‌లాజిక్ అనే వాణిజ్య డేటాబేస్. తొలి రోజు నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురే. తగినంత పరీక్ష చేయకపోవడం, పథకాలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలనడం వంటి తప్పులు దెబ్బతీశాయి. రెండు నెలల్లో వందల లోపాలు సరిదిద్ది, యంత్రాలు పెంచి, ఒకేసారి 50,000 మంది వాడుకునే స్థాయికి తెచ్చారు. డేటాబేస్ మాత్రం అదే.

అమెజాన్: ఒరాకిల్ నుంచి తప్పుకునే క్రమంలో 2018లో ఒహాయోలోని ఒక గిడ్డంగి పోస్ట్‌గ్రెస్ తరహా సొంత డేటాబేస్‌కు మారింది. ప్రైమ్ డే రద్దీలో అది తడబడి 15,000కు పైగా పార్సిళ్లు ఆలస్యమయ్యాయని సీఎన్‌బీసీ సంపాదించిన అంతర్గత నివేదిక చెప్పింది. లావాదేవీ మధ్యలో వేసే ‘సేవ్‌పాయింట్’ గుర్తులను రెండు డేటాబేస్‌లు వేర్వేరుగా నిర్వహించడం ఒక కారణం. అయినా అమెజాన్ వెనక్కి తగ్గలేదు. దాదాపు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌ల నుంచి 75 పెటాబైట్ల సమాచారాన్ని తరలించే పని పూర్తయిందని 2019 అక్టోబరులో ప్రకటించింది.

మూడింటి సారాంశం ఒక్కటే. డేటాబేస్ పేరు కాదు, అసలు రద్దీని ముందే సృష్టించి పరీక్షించారా లేదా అన్నదే తేల్చింది. డేటాబేస్ మార్చేటప్పుడు ఆ పరీక్ష ఇంకా ముఖ్యం.

తెలంగాణలో ఇది ఎందుకు ముఖ్యం?

2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి మొదలైంది. ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. అందులో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఇలా కొన్ని మండలాలతో మొదలుపెట్టడం సరైన పద్ధతే. కానీ నాలుగు మండలాల్లో బాగా నడిచిందంటే రాష్ట్రమంతటా నడుస్తుందని కాదు. నలుగురు నడిచే కాలిబాట వంతెన జాతర రోజున ఆగుతుందో లేదో తెలియాలంటే, జాతరంత బరువు ముందే వేసి చూడాలి.

2023లో రాష్ట్రవ్యాప్తంగా 1.5 లక్షల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. ఈ భూముల రికార్డులు, వాటి మీద వచ్చే రైతు సాయం, రుణాలు అన్నీ ఏదో ఒక డేటాబేస్ మీదే నడుస్తాయి. చివరి రోజున సర్వర్ పడిపోతే గడువు దాటేది రైతుకే.

మీరేం చేయొచ్చు?

• జవాబు రాకపోతే వెంటనే మళ్లీ మళ్లీ నొక్కకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. గడువు ఉన్న పనులు చివరి రోజుకు ఉంచుకోకండి.

• డబ్బు కట్ అయి రసీదు రాకపోతే మళ్లీ చెల్లించే ముందు లావాదేవీ నంబర్‌తో స్థితి చూడండి. యూపీఐ చెల్లింపు అవతలివారికి నిర్ధారణ కాకపోతే ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో ఆదేశించింది.

• నెట్‌వర్క్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హులకు రేషన్ నిరాకరించకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు లేఖ రాసింది. ప్రత్యామ్నాయ పద్ధతిలో సరుకులు ఇచ్చి, రిజిస్టర్‌లో నమోదు చేయాలి. డీలర్ కాదంటే తహసీల్దార్ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి.

• సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖను అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ నాలుగు ప్రశ్నలు పనికొస్తాయి: ప్రారంభానికి ముందు రద్దీ పరీక్ష చేశారా, సెకనుకు ఎన్ని లావాదేవీలతో? గత ఆరు నెలల్లో సేవ ఎన్ని గంటలు ఆగింది? లైసెన్సులకు, నిర్వహణ సిబ్బందికి విడివిడిగా ఎంత ఖర్చయింది? నెట్‌వర్క్ లేని గ్రామాలకు ప్రత్యామ్నాయం ఏమిటి?

ఈసారి ఎవరైనా ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాబట్టి పడిపోయింది’ అన్నా, ‘ఖరీదైనది పెట్టాం, ఇక ఢోకా లేదు’ అన్నా, రద్దీ పరీక్ష ఫలితం చూపించమని అడగండి. సర్వర్ ఎందుకు బిజీ అయిందో చెప్పాల్సింది ఆ కాగితమే.